ఒకటి నుంచి మూడో తరగతి దాకా: ఏ బడిలో ఏ సబ్జెక్టు ఎట్లా నేర్పుతున్నారు, మీ బిడ్డకు ఏది తగినది?

జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమానికి ఊళ్లోకి వెళ్లినప్పుడు తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ప్రతి ఏడూ ఒకటే. "సార్, బిడ్డను ఒకటో తరగతి ఇక్కడనే వేయమంటరా, నల్లగొండకు వ్యాను పోతున్నది గదా, అందులో పంపమంటరా?" ఇరవై ఏళ్లకు పైగా నల్లగొండ జిల్లా ప్రాథమిక పాఠశాలల్లో చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్న నేను ఆ ప్రశ్నకు గడప ముందు నిలబడి రెండు నిమిషాల్లో సరైన జవాబు ఏనాడూ చెప్పలేకపోయాను. నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి కాబట్టి నా మాట మా బడి వైపే మొగ్గుతుందని అనుకునేవారు కూడా ఉంటారు. అందువల్ల బడి పేరును, భవనాన్ని, యూనిఫారాన్ని పక్కన పెట్టి, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం అనే నాలుగు సబ్జెక్టుల్లో మూడో తరగతి పూర్తయ్యే నాటికి బిడ్డకు ఏం రావాలో, అది ఏ రకం బడిలో ఎట్లా వస్తుందో లేదా ఎందుకు రాకుండా పోతుందో వివరంగా రాస్తున్నాను.

మన నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో ఆరేళ్ల బిడ్డ ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. మొదటిది ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఇక్కడ కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. రెండవది రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి. చిన్న తరగతుల్లో ఇవి ఎక్కువగా ప్రైవేటు ప్రచురణకర్తల పుస్తకాలతో నడుస్తాయి. మూడవది కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ పుస్తకాలు చెప్పే, కేంద్ర బోర్డు సీబీఎస్ఈ కింద నడిచే బడి, ఇది జిల్లా కేంద్రాల్లోనూ కొన్ని పెద్ద పట్టణాల్లోనూ మాత్రమే దొరుకుతుంది. గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతి నుంచి కాబట్టి వాటిని ఈ పోలికలోకి తీసుకోవడం లేదు.

పోల్చడానికి ముందు కొలబద్ద కావాలి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, దానికి అనుగుణంగా 2022లో మన తెలంగాణ రాష్ట్రంలో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం ఆ కొలబద్దను మన చేతికి ఇచ్చాయి. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి బిడ్డ ముందెప్పుడూ చూడని పాఠంలో నాలుగైదు చిన్న పదాలున్న వాక్యాలు చదవాలి, 99 వరకు సంఖ్యలు చదివి రాయాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 999 వరకు సంఖ్యలు రావాలి, 99 లోపు తీసివేతలు చేయాలి. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు, 9999 వరకు సంఖ్యలు, చిన్న గుణకారం లెక్కలు రావాలి. ప్రభుత్వ బడికైనా ప్రైవేటు బడికైనా ఇదే కొలత పెట్టి చూడండి.

తెలుగు

తెలుగు లిపిలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. అక్షరం పేరే దాని శబ్దం. వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు వచ్చిన బిడ్డ తాను ఏనాడూ వినని మాటనైనా చదవగలదు. కాబట్టి రోజూ గంట, గంటన్నర సమయం దొరికితే రెండో తరగతి చివరికి చదవడం రావడం అసాధారణమేమీ కాదు. ప్రభుత్వ బడిలో తెలుగుకు ఆ సమయం దొరుకుతుంది. ఇంట్లో "అమ్మ ఒచ్చింది" అనే బిడ్డ పుస్తకంలో "అమ్మ వచ్చింది" అని చదివే తేడాను మన టీచర్లు తప్పుగా లెక్కకట్టకుండా దాటించగలుగుతారు, ఎందుకంటే ఎక్కువమంది ఈ చుట్టుపక్కల మండలాల వారే.

ప్రైవేటు బడుల్లోనూ సీబీఎస్ఈ బడుల్లోనూ 2018లో మన రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం తెలుగు తప్పనిసరి, కానీ అక్కడ అది తరచుగా రోజుకు ఒక్క పీరియడ్ సబ్జెక్టు. అక్షరమాల మీద, గుణింతాల మీద ఏడాది పొడుగునా పేజీలు నింపించి, ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి పరీక్షలు వచ్చాయని తొందరపెట్టే పద్ధతిని నేను చాలాసార్లు చూశాను. ఒక ఏడాది పట్నంలోని ప్రైవేటు బడి నుంచి మా బడిలో మూడో తరగతిలో చేరిన అబ్బాయికి ఆ రోజు పేపర్లోని శీర్షిక చూపించాను. "కృష్ణమ్మకు వరద, జూరాల గేట్లు ఎత్తివేత" అని ఉంది. "వరద", "జూరాల" అనే మాటలను గడగడా చదివినవాడు "కృష్ణమ్మ" దగ్గర ఆగిపోయాడు, "గేట్లు" మాటను "గేటలు" అని, "ఎత్తివేత" మాటను "ఎతివేత" అని చదివాడు. వాడి తెలివిలో లోపం ఏమీ లేదు, ఒత్తు గుర్తుకు ఏ శబ్దం పలకాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చింతగింజలతో నేల మీద ఒత్తులు పేర్పిస్తూ చెబితే ఆరు వారాల్లో దారిలో పడ్డాడు.

తెలుగు విషయంలో నా తీర్పు స్పష్టం: ఊరి బడిలో తరగతికి సరిపడా టీచర్లుంటే దానికి మిగతా రెండూ సాటిరావు.

ఇంగ్లీషు

తల్లిదండ్రులు వ్యానుకు డబ్బు కట్టేది ఎక్కువగా ఈ ఒక్క సబ్జెక్టు కోసమే, కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, శబ్దం వేరు. "సి, ఏ, టి" అని మూడు పేర్లు ఎంత వేగంగా పలికినా "క్యాట్" అనే మాట పుట్టదు. అదే "సి" ఒకచోట "క" శబ్దం ఇస్తుంది, ఇంకోచోట "స" శబ్దం ఇస్తుంది. అక్షరాల పేర్లు మాత్రమే నేర్పి స్పెల్లింగులు బట్టీ పట్టించే బడిలో బిడ్డ యాభై మాటలు ఒప్పజెబుతుంది, యాభై ఒకటో మాట కనిపిస్తే నోరు మెదపదు. శబ్దాలు నేర్పే బడిలో బిడ్డ కొత్త చిన్న మాటను ముక్కలు ముక్కలుగా పలికి, కలిపి, తానే చదువుకుంటుంది.

మా వీధిలోనే ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి చదివే పాప నోటుబుక్కు ఒకసారి చూశాను. ఒంటెను ఎడారి ఓడ అంటారనే ఇంగ్లీషు వాక్యం కలిపిరాతలో ముత్యాల్లా పది వరుసలు రాసి ఉంది, ప్రతి వరుస పక్కన ఎర్ర సిరా టిక్కు ఉంది. ఆ వాక్యం మధ్యలో ఒంటె అనే ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టి ఇదేమిటమ్మా అని అడిగాను. ఆ పాప మొదటి నుంచి వాక్యమంతా పాటలా చదివి ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వేలు దాటిపోయింది. పక్క మాట చూపిస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చదివినట్టు వినిపించిందే తప్ప చదవలేదు. ఆ ఇంటివారు ఏడాదికి కట్టే ఫీజు వారి సంపాదనలో ఎంత భాగమో నాకు తెలుసు కాబట్టి ఆ రోజు చాలా బాధ కలిగింది.

అట్లాగని ప్రభుత్వ బడి ఇంగ్లీషులో బాగుందని చెప్పలేను. రెండు భాషల పుస్తకం వల్ల బిడ్డకు పాఠం అర్థమవుతుంది, కానీ టీచరు తెలుగు పేజీతోనే పీరియడు ముగిస్తే ఇంగ్లీషు పేజీ తెల్లకాగితంతో సమానం. ఇంగ్లీషు వినడం, మాట్లాడటం మా బడుల్లో తక్కువ, దీన్ని ఒప్పుకోవాలి. ప్రైవేటు బడిలో కనీసం రోజువారీ మాటలు, పాటలు, ఆదేశాలు ఇంగ్లీషులో చెవిన పడుతుంటాయి, దానివల్ల బెరుకు పోతుంది. సీబీఎస్ఈ బడుల్లో ఒకటి, రెండు తరగతులకు 2023లో వచ్చిన మృదంగ్ అనే ఇంగ్లీషు పుస్తకం బొమ్మల గురించి మాట్లాడించడం, పాటలు పాడించడం మీద నిలబడిన పుస్తకం. మంచి టీచరు చేతిలో అది చాలా బాగుంటుంది. అయితే ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాటలను సాయంత్రం మళ్లీ పలికించగలిగినప్పుడే దాని ఫలం పూర్తిగా దక్కుతుంది.

గణితం

చాలామంది గమనించని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. తెలుగులో పదమూడు, పద్నాలుగు, పదిహేను అన్నప్పుడు ముందు పది వినిపిస్తుంది, తర్వాత మిగిలిన అంకె వినిపిస్తుంది. స్థాన విలువ మన మాటలోనే దాగి ఉంది. ఇంగ్లీషులో థర్టీన్, ఫోర్టీన్ అన్నప్పుడు ఒకట్లు ముందు వస్తాయి, పది వెనక వస్తుంది. అంతేగాక థర్టీన్‌కు థర్టీకి, ఫిఫ్టీన్‌కు ఫిఫ్టీకి మధ్య ఉన్న చిన్న శబ్ద భేదం మన పిల్లల చెవికి ఆనదు. "ఫిఫ్టీన్ రాయి" అంటే 50 రాసిన పిల్లలు నా తరగతుల్లో ఏటా ఉంటారు, ఆ పిల్లలే "పదిహేను రాయి" అంటే తడుముకోకుండా 15 రాస్తారు. అందువల్ల ఒకటి, రెండు తరగతుల్లో సంఖ్యల అవగాహన ఇంటి భాషలో కలిగించి, పేర్లను తర్వాత ఇంగ్లీషులో జోడించే బడికి గణితంలో నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ప్రభుత్వ బడి టీచరు ఇది సహజంగానే చేస్తాడు. ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మాటలే వాడాలనే నియమం కఠినంగా ఉంటే లెక్క కన్నా భాషే బిడ్డకు బరువవుతుంది.

రెండో తరగతి బిడ్డ ముందు 52 లోంచి 27 తీసివేయమని రాసి పెట్టండి. 35 అని రాస్తే ఆ బిడ్డ రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసిందని అర్థం. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన పొరపాటు కాదు, పదుల కట్టను విప్పి ఒకట్లుగా మార్చే పని చేతులతో ఏనాడూ చేయలేదని దాని అర్థం. పది పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ఇచ్చి 27 పుల్లలు అడిగితే బిడ్డ తానే ఒక కట్ట విప్పుతుంది. ఆ విప్పడమే పాఠం. బడికి వెళ్లినప్పుడు తరగతి గదిలో ఇటువంటి పుల్లలో, పల్లికాయలో, పూసలో వాడిన జాడ ఉందో లేదో చూడండి. బీరువాలో తాళం వేసిన గణిత సామగ్రి పెట్టె లెక్కకు రాదు.

ప్రైవేటు బడుల్లో ఎక్కాలు బాగా వస్తాయి, రెండో తరగతికే ఇరవై దాకా అప్పజెప్పే పిల్లలు ఉన్నారు. నాకు ఎక్కాల మీద గౌరవమే ఉంది. కానీ "ఏడు ఎనిమిదుల యాభై ఆరు" అని పాడే బిడ్డను, బత్తాయి తోటలో వరుసకు ఏడు చెట్ల చొప్పున ఎనిమిది వరుసలుంటే మొత్తం ఎన్ని చెట్లని అడిగినప్పుడు పదిహేను అని చెబితే, ఆ ఎక్కం ఇంకా పాటగానే ఉందని గ్రహించాలి. సీబీఎస్ఈ బడుల్లో వాడే ఎన్సీఈఆర్టీ గణిత పుస్తకాలు ఆటలు, ఆకారాలు, నమూనాల ద్వారా సాగుతాయి, ఈ మూడింటిలో పుస్తకంగా అవే నాకు ఎక్కువ నచ్చాయి. నమూనాల పాఠం చెప్పేటప్పుడు పుట్టపాక, పోచంపల్లి నేతలో తిరిగి తిరిగి వచ్చే గళ్లను చూపించే టీచరు దొరికితే ఆ పాఠం పిల్లలు మరిచిపోరు.

పరిసరాల విజ్ఞానం, మిగతావి

ఒకటి, రెండు తరగతులకు ఎన్సీఈఆర్టీలో పరిసరాల విజ్ఞానానికి వేరే పుస్తకం లేదు. భాష, గణితం పాఠాల్లోనే కుటుంబం, తిండి, నీరు, చెట్టు, పశువు అన్నీ కలిసి వస్తాయి. మూడో తరగతి నుంచి విడిగా మొదలవుతుంది. ఈ సబ్జెక్టులో పుస్తకం కన్నా ఊరు ముఖ్యం. మర్రిగూడ వైపు బిడ్డకు నీరు అనే పాఠం ఫ్లోరైడ్ వల్ల వంగిపోయిన తాత కాళ్ల దగ్గర మొదలై ఇంటి ముందు మిషన్ భగీరథ నల్లా దగ్గరికి రావాలి. బతుకమ్మ పండుగకు తెచ్చే గునుగు, తంగేడు పూలను చూపి మొక్కల పాఠం చెప్పవచ్చు, తంగేడు మన రాష్ట్ర పుష్పం కూడా. మహబూబ్‌నగర్ పిల్లలకు పిల్లలమర్రి ఊడలు చూపిన తర్వాత వేర్ల గురించి చెబితే వేరే వివరణ అక్కరలేదు. ఊరి బడికి చెరువు, పొలం పక్కనే ఉంటాయి. ప్రైవేటు బడిలో ఒకటో తరగతికే సైన్స్, సోషల్ అని రెండు పుస్తకాలు కొనిపించి ప్రశ్న జవాబులు రాయించడం వల్ల ఈ వయసులో ఒరిగేది తక్కువ.

హిందీ, జీకే, కంప్యూటర్ పుస్తకాలను చూసి బడిని ఎంచుకోవద్దు. మన ప్రభుత్వ బడుల్లో హిందీ ఆరో తరగతిలో మొదలవుతుంది, అయినా పిల్లలు నేర్చుకుంటున్నారు. 2020లో కేంద్రం ఇచ్చిన బడి సంచి విధానం ప్రకారం ఒకటి, రెండు తరగతుల సంచి బరువు 1.6 నుంచి 2.2 కిలోలు దాటకూడదు, రెండో తరగతి దాకా ఇంటిపని ఇవ్వకూడదు. పిల్లల సంచిని ఒకసారి కాటా మీద పెట్టి చూడండి.

టీచర్ల సంఖ్య

మా బడుల అసలైన బలహీనత ఇదే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. పాతిక మంది పిల్లలున్న ఊరి బడిలో ఇద్దరే ఉంటే ఐదు తరగతులను ఆ ఇద్దరే పంచుకోవాలి. ఒకరు శిక్షణకో సెలవు మీదో వెళ్లిన రోజు మిగిలిన ఒక్కరు ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెడతారు, ఆ రోజు ఒకటో తరగతి బిడ్డకు దక్కే సమయం పావుగంట కూడా ఉండదు. టీచర్ల నియామకానికి జరిగిన 2024 డీఎస్సీలో భర్తీ చేసిన పోస్టుల్లో ఎక్కువ భాగం ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీలవే కావడం వల్ల కొన్ని బడులకు ఊపిరి వచ్చింది. మీ ఊరి బడికి వచ్చిందా లేదా అన్నది మీరే వెళ్లి కనుక్కోవాలి. ప్రైవేటు బడిలో తరగతికో టీచరు ఉంటారు, కానీ ఏడాది మధ్యలో ఎంతమంది మారారో, డీఎడ్ (టీచరు శిక్షణ), టెట్ (టీచరు అర్హత పరీక్ష) ఎంతమందికి ఉన్నాయో అడగండి. అడిగే హక్కు మీకు ఉంది.

ఎవరికి ఏది

ఇంట్లో ఇంగ్లీషు చదివించగలవారు లేకుండా, ఊరి బడిలో ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది టీచర్లుంటే, మూడో తరగతి దాకా బిడ్డను అక్కడే ఉంచమని నా సలహా. మిగిలే ఫీజు డబ్బులో కొంత పెట్టి ఇంగ్లీషు, తెలుగు కథల పుస్తకాలు కొనండి, రోజూ పావుగంట పైకి చదివించండి. ఒకే టీచరున్న బడి అయితే నేను మొండిగా వాదించను. పక్క ఊరి ప్రభుత్వ బడిని ముందు చూడండి, అదీ కుదరకపోతే దగ్గరలోని ప్రైవేటు బడికి పంపండి, కానీ వ్యానులో గంటసేపు ప్రయాణం చేయించే దూరానికి వద్దు. పొద్దున ఏడింటికి వ్యానెక్కి సాయంత్రం ఐదున్నరకు దిగే ఆరేళ్ల బిడ్డ ఇంట్లో అన్నం తింటూనే నిద్రపోతుంది. ఉద్యోగరీత్యా రాష్ట్రాలు మారేవారికి, ఇంట్లో తోడు కూర్చునే చదువుకున్న తల్లిదండ్రులకు సీబీఎస్ఈ తగినది.

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల పిల్లల సంగతి వేరుగా ఆలోచించాలి. ఇంట్లో లంబాడీ మాట్లాడే బిడ్డకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. అటువంటి బిడ్డను నేరుగా ఇంగ్లీషు మాత్రమే మాట్లాడే తరగతిలో కూర్చోబెడితే మొదటి ఏడాదంతా మౌనంగా గడిచిపోతుంది. తండా బడిలో లంబాడీ తెలిసిన టీచరు గానీ, అంగన్‌వాడీలో ఆ భాష మాట్లాడే ఆయా గానీ ఉంటే అది ఎంత ఫీజు కట్టినా దొరకని సౌకర్యం. నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడం మాట్లాడే ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. పనుల కోసం వలస వెళ్లే పాలమూరు కుటుంబాలు ఒక విషయం గుర్తుంచుకోవాలి: పాత బడి ఇచ్చే టీసీ ఆలస్యమైందనే కారణంతో ప్రభుత్వ బడి బిడ్డను చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఏడాది మధ్యలో తిరిగి వచ్చినా వెంటనే బడికి తీసుకెళ్లండి.

ఐదో తరగతిలో గురుకులం సీటు ఆశించేవారు దాని ప్రవేశ పరీక్షలో తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం అన్నీ ఉంటాయని గమనించాలి. ఇంగ్లీషు ఒక్కటే చూసుకుని తెలుగును వదిలేసిన పిల్లలు అక్కడ సులభంగా రావలసిన మార్కులు పోగొట్టుకుంటున్నారు.

బడిని చూడటానికి జూన్ దాకా ఆగకండి, అప్పుడు తరగతులు ఇంకా కుదురుకోవు. ఏప్రిల్ మూడో వారం లోపు, వేసవి సెలవులు రాకముందే ఒక పనిదినం పొద్దున వెళ్లండి. హెడ్‌మాస్టరు గదిలో ఎక్కువసేపు కూర్చోకుండా, అనుమతి తీసుకుని రెండో తరగతిలోకి వెళ్లి, ముందు వరుసలో కాక వెనక వరుసలో కూర్చున్న ముగ్గురు పిల్లలను ఎంచుకోండి. వారు చదవని తెలుగు కథ ఒక పేజీ, ఇంగ్లీషులో మూడక్షరాల కొత్త మాటలు ఐదు, ఆ 52 లోంచి 27 లెక్క ముందు పెట్టండి. ముగ్గురిలో ఇద్దరు చేయగలిగితే మీ బిడ్డ పేరు ఆ బడిలో రాయించండి.